పసిపిల్లలకు వాంతులు, విరేచనాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పసిపిల్లల వాంతులు, విరేచనాల గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రం తీసుకుని, కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. కిందటి నెలలో ఒక రాత్రి ఆరేడు సార్లు వాంతి చేసుకుంది. తెల్లవారుజాము నుంచి నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి. ఓఆర్‌ఎస్ కలిపి పాలసీసాతో పట్టిస్తే తాగినంతా కక్కేసింది. ఎప్పుడైనా కడుపులో నిలిచిందంటే పది నిమిషాల్లో విరేచనం అయ్యేది. ఇచ్చిన కొద్దీ ఎక్కువవుతున్నట్లు అనిపించి ఇవ్వడం మానేశాను. మర్నాటి సాయంత్రానికి పాప పూర్తిగా వడలిపోయింది. ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. నేను ఎక్కడ పొరబడ్డాను?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు ఓఆర్‌ఎస్ మొదలుపెట్టడం సరైన పనే. పట్టించిన తీరులో ఒక చిన్న లోపం, మానెయ్యడంలో ఒక పెద్ద లోపం జరిగాయి. ఓఆర్‌ఎస్‌ను విరేచనాలు కట్టే మందుగా భావించే వారు చాలామంది ఉన్నారు కనుక, తాగించిన తరువాత కూడా విరేచనాలు అవుతూనే ఉంటే అది పనిచెయ్యలేదన్న నిర్ణయానికి వస్తారు. నిజానికి ఆ ద్రావణం విరేచనాలను ఆపదు, ఆపాలని దానిని తయారు చెయ్యలేదు. విరేచనాలతోనూ వాంతులతోనూ ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను తిరిగి రక్తంలోకి చేర్చడం వరకే దాని పని. జబ్బు వైరస్ వల్ల వచ్చినదైతే, పసిపిల్లల్లో ఎక్కువగా జరిగేది అదే, వాంతులు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో, విరేచనాలు 5 నుంచి 7 రోజుల్లో వాటంతట అవే తగ్గుముఖం పడతాయి. ఆ గడువు ముగిసేదాకా బిడ్డ ఒంట్లో నీరు తరిగిపోకుండా కాచుకోవడమే మన బాధ్యత.

తాగిన పది నిమిషాలకే విరేచనం అయిందంటే, ఇచ్చినదంతా అటు నుంచి అటే పోయిందని మీరు అనుకున్నారు. కడుపులోకి ఏదైనా చేరగానే పెద్దపేగులో కదలిక పెరగడం మనందరిలోనూ ఉన్న సహజమైన స్పందన, అది పసిపిల్లల్లో మరింత బలంగా ఉంటుంది. కాబట్టి అప్పుడు బయటికి వచ్చింది పేగులో అంతకుముందే చేరి ఉన్న నీరు. పాప అప్పుడే తాగినది అంత వేగంగా పేగులన్నీ దాటి రాలేదు.

ఓఆర్‌ఎస్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే, దాన్ని ఇష్టం వచ్చినట్లు ఎందుకు కలపకూడదో కూడా అర్థమవుతుంది. చిన్నపేగు లోపలి గోడ మీది కణాల్లో సోడియంను, గ్లూకోజ్‌ను జంటగా లోపలికి తీసుకునే ద్వారాలు ఉంటాయి. ఆ రెండూ కలిసి లోపలికి వెళ్ళేటప్పుడు వాటి వెంట నీరు కూడా వెళుతుంది. జబ్బు చేసిన పేగులో సైతం ఈ ద్వారాలు చాలావరకు పనిచేస్తూనే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ద్రావణంలో లీటరుకు సోడియం 75 మిల్లీమోల్‌లు (బరువును కాక కణాల సంఖ్యను చెప్పే కొలత), గ్లూకోజ్ కూడా సరిగ్గా 75 మిల్లీమోల్‌లు ఉండటానికి కారణం ఇదే. చక్కెర మరీ ఎక్కువైతే, ఆ చక్కెరే ఒంట్లోని నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. అందుకే కూల్‌డ్రింకులు, డబ్బా పండ్లరసాలు ఈ జబ్బులో పనికిరావు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. వట్టి నీళ్ళే పట్టిస్తూ పోతే అది ప్రమాదకరంగా పడిపోతుంది. కనుక ప్యాకెట్ మీద ఎంత నీరు కలపాలని రాసి ఉంటే అంతే నీటిని కొలిచి, ప్యాకెట్ మొత్తాన్ని ఒకేసారి కలపండి. సగం పొడి ఇప్పుడు, సగం తరువాత అని పంచుకుంటే రెండుసార్లూ పాళ్ళు తప్పే అవకాశం ఉంది. మరిగించి చల్లార్చిన నీటిలోనే కలపాలి, కలిపిన తరువాత మళ్ళీ కాచకూడదు. 24 గంటలు దాటితే మిగిలినది పారబోసి కొత్తగా కలుపుకోవాలి.

ఇక పట్టించే తీరు. దాహంతో ఉన్న బిడ్డ సీసా నోటికి అందగానే గటగటా తాగేస్తుంది, అప్పటికే వికటించి ఉన్న కడుపు అంత నీటిని ఒక్కసారిగా భరించలేక వెళ్ళగక్కుతుంది. సీసా పక్కన పెట్టి చెంచా పట్టుకోండి. ఒకటి రెండు నిమిషాలకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వండి. చెంచాకు నోరు తెరవని పిల్లలకు సూది లేని సిరంజితో బుగ్గ లోపలి వైపుకు కొద్దికొద్దిగా వదలవచ్చు. చూడటానికి ఇది ఏ మూలకూ చాలదనిపిస్తుంది కానీ, రెండు నిమిషాలకు ఒక చెంచా ఇచ్చినా గంటకు 150 మిల్లీలీటర్లు లోపలికి వెళతాయి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మునుపటికన్నా నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టండి. వాంతి అయినంత మాత్రాన ఇచ్చినదంతా పోయినట్లు కాదు, కొంత అప్పటికే పేగులోకి దిగి ఉంటుంది. వాంతులు తగ్గాక, విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళ లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్ళు దాటిన వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇస్తే సరిపోతుంది.

రాత్రంతా గడియారం చూస్తూ చెంచాతో పట్టించడం ఎంత విసుగు పుట్టించే పనో తెలియక చెప్పడం లేదు. ఇంట్లో ఇద్దరు ఉంటే వంతులు వేసుకోవడం మేలు. ఈ పనికి వైద్య శిక్షణ అక్కరలేదని 1971లోనే రుజువైంది. బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, ఎక్కించడానికి సెలైన్ చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని పెద్ద పీపాల్లో పోయించి రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది వరకు చనిపోతున్న ఆ జబ్బులో, మరణాలు నూటికి నాలుగు లోపుకు తగ్గాయి.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్ళు. విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా ఎన్నిసార్లు అయితే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలో తెలియక సతమతమవుతుంటాము. ఒకసారి పదిసార్లు అయినా ఆడుకుంటూనే ఉన్నాడు, మరోసారి నాలుగింటికే సొమ్మసిల్లినట్లు పడుకున్నాడు. ఏ లెక్క పెట్టుకోవాలి?
– ఒక తండ్రి

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. విరేచనాల సంఖ్య నమ్మదగిన కొలత కాదు. ఎంత నీరు లోపలికి వెళ్ళింది, ఎన్నిసార్లు మూత్రం వచ్చింది అన్నవి నమ్మదగిన కొలతలు. ఒక కాగితం మీద తాగినది, మూత్రం పోసినది వేళతో సహా రాసుకోండి. జబ్బు చేసిన ఇంట్లో అందరి జ్ఞాపకాలూ కలగాపులగం అవుతాయి కనుక, డాక్టరుకు ఆ కాగితం చూపిస్తే సగం ప్రశ్నలు అడగనక్కరలేకుండా పోతాయి. డైపర్ వాడే పిల్లల్లో నీళ్ళ విరేచనమూ మూత్రమూ కలిసిపోయి తెలియకపోతే, డైపర్ ముందుభాగంలో కాస్త దూది ఉంచి చూడవచ్చు.

జబ్బు చెయ్యకముందు బిడ్డ బరువెంతో తెలిసి ఉంటే అది మరీ మంచి ఆధారం. 10 కిలోల బిడ్డ ఒకటి రెండు రోజుల్లో అర కిలో తగ్గితే, ఒంటి బరువులో 5 శాతం నీటి రూపంలో పోయిందని అర్థం, దాన్ని తేలికగా తీసుకోకూడదు. 10 శాతం పోవడం ప్రాణాపాయ స్థితి. పసివారి ఒంట్లో నీటి వంతు పెద్దవారికన్నా ఎక్కువ, బరువుతో పోల్చి చూస్తే చర్మం వైశాల్యమూ ఎక్కువ. పైగా దాహం వేస్తోందని నోరు తెరిచి అడగలేరు. అందువల్ల పెద్దలకు నీరసంతో సరిపోయే జబ్బు వారిని గంటల వ్యవధిలో కుంగదీస్తుంది.

ఆరు నుంచి ఎనిమిది గంటల పాటు మూత్రం రాకపోయినా, వచ్చినది ముదురు పసుపు రంగులో కొద్దిగా ఉన్నా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, నాలుక పిడచకట్టుకుపోయినా, కళ్ళు గుంటలు పడినా, ఏడాది లోపు పిల్లల్లో మాడు లోపలికి దిగినట్లు కనిపించినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వదిలితే వెంటనే సర్దుకోవాలి. అందుకు రెండు సెకన్లకు పైగా పట్టినా, చేతులూ కాళ్ళూ చల్లబడినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, లేపితే లేవకుండా మత్తుగా ఉన్నా, తాగడానికి కూడా ఓపిక లేకపోయినా, అది ఇంట్లో చెంచాతో నెట్టుకురాదగిన స్థితి కాదు. అత్యవసర విభాగానికే తీసుకువెళ్ళాలి.

ఇంకొక కోవ ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. వాంతీ విరేచనమూ చూడగానే కడుపు జబ్బేనని తేల్చుకుంటాము కానీ, అన్నీ కడుపు జబ్బులు కావు. విరేచనాలు లేకుండా వాంతులు మాత్రమే ఒక రోజుకు పైగా కొనసాగినప్పుడు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, మెదడు పొరల వాపు, బయటపడని మధుమేహం వంటి వేరే కారణాలను డాక్టరు పరిశీలించవలసి ఉంటుంది. వాంతి ఆకుపచ్చగా పసరులా వస్తే పేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. పసిబిడ్డ ఉండి ఉండి కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, మధ్యలో తేరుకున్నట్లు అయి, మళ్ళీ అలాగే ఏడుస్తూ ఉంటే, పేగులో పేగు దూరే స్థితి కావచ్చు. అందులో రక్తమూ జిగురూ కలిసిన విరేచనం కనిపించడం ఆలస్యంగా వచ్చే గుర్తు, దాని కోసం ఎదురు చూడకూడదు. రక్త విరేచనం ఏ వయసులో కనిపించినా డాక్టరుకు చూపించాలి. మూడు నెలల లోపు శిశువుకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం ఉన్నా, మిగతా లక్షణాలు ఏవీ లేకపోయినా సరే, వెంటనే చూపించాలి.

ప్రశ్న: మనవడికి విరేచనాలైతే రెండు రోజులు ఏమీ పెట్టకుండా కడుపును మాడ్చడం మా చిన్నప్పటి పద్ధతి. కోడలు మాత్రం పాలూ అన్నమూ పెడుతూనే ఉంది. ఎవరిది సరైన పద్ధతి?
– ఒక నానమ్మ

జవాబు: ఈ విషయంలో మీ కోడలి మాటే చెల్లుతుందమ్మా. ఒకప్పుడు వైద్యులు కూడా కడుపుకు విశ్రాంతి ఇవ్వమనే చెప్పేవారు కనుక మీ పద్ధతి మీరు ఊరికే కల్పించుకున్నది కాదు. పేగు లోపలి పొర ప్రతి కొద్ది రోజులకూ కొత్తగా ఏర్పడుతూ ఉంటుంది, ఆ పనికి కావలసిన పోషణ పేగులోకి వచ్చే ఆహారం నుంచే అందుతుంది. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు, వాంతులవుతున్నా తక్కువ సేపు, ఎక్కువ సార్లు ఇవ్వాలి. డబ్బాపాలు తాగే శిశువులకు ఎప్పటి చిక్కదనంతోనే కలిపి ఇవ్వాలి, నీళ్ళు ఎక్కువ పోసి పలుచన చెయ్యనక్కరలేదు. పెద్ద పిల్లలకు వాంతులు తెరిపి ఇచ్చి నాలుగు గంటల పాటు ద్రవాలు నిలిచాయంటే, ఇంట్లో అలవాటైన మెత్తని ఆహారం కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చు. బిడ్డ తిననంటే బలవంతం చెయ్యవద్దు. తిండికి ఒకటి రెండు రోజులు ఆగవచ్చు కానీ నీటికి ఆగకూడదు. కోలుకున్న తరువాత రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితే తగ్గిన బరువు తిరిగి వస్తుంది.

ప్రశ్న: పెద్దవాళ్ళకు విరేచనాలు కట్టడానికి వాడే మాత్ర సగం చేసి రెండేళ్ళ పాపకు వేయవచ్చా? యాంటీబయాటిక్ సిరప్ కిందటిసారి మిగిలినది కూడా ఇంట్లో ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: రెండూ వద్దు. విరేచనాలు కట్టే లోపెరమైడ్ పేగుల కదలికను బిగపట్టే మందు. చిన్నపిల్లల్లో అది పేగులను పూర్తిగా స్తంభింపజేసి పొట్ట ఉబ్బరానికి, మత్తుకు దారితీయవచ్చు. బయటికి కనిపించే విరేచనం ఆగినా పేగులోకి నీరు ఊరడం ఆగదు, అది లోపలే నిలిచిపోతుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచెయ్యదు. పైగా పేగులోని మంచి బ్యాక్టీరియాను చెరిపి విరేచనాలను పెంచే వీలుంది. రక్త విరేచనాలు, కలరా వంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే దాని అవసరం వస్తుంది, ఆ నిర్ణయం డాక్టరుది. మిగిలిన సిరప్ ఈరోజే పారవేయండి.

ఇవ్వదగినది ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ రాయకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. అది జింక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో చేసిన సిఫారసు ప్రకారం, ఆరు నెలల లోపు శిశువులకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ వయసు దాటిన పిల్లలకు 20 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజుల పాటు ఇవ్వాలి. జింక్ లోపం ఉండే పిల్లల్లో విరేచనాల తీవ్రతను, గడువును అది తగ్గిస్తుంది. విరేచనాలు ఆగగానే మధ్యలో మానెయ్యకూడదు. మీ పాప విషయంలో అవసరమా కాదా అన్నది డాక్టరును అడిగి మొదలుపెట్టండి. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు ఐబుప్రొఫెన్ మూత్రపిండాల మీద భారం వేస్తుంది, ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు.

ప్రశ్న: మా బాబుకు రోటావైరస్ టీకా వేయించాము. అయినా వాంతులు, విరేచనాలు వచ్చాయి. రెండు రోజుల్లో మా అమ్మాయికి, తరువాత మా ఇద్దరికీ అంటుకుంది. చేతులకు శానిటైజర్ రాసుకుంటూనే ఉన్నాము. టీకా పనిచెయ్యనట్లేనా?
– ఒక తల్లి

జవాబు: టీకా తన పని తాను చేసే ఉంటుంది. అది ఆపేది రోటావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన జబ్బును. 1973లో రూత్ బిషప్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద తొలిసారి గుర్తించిన ఆ వైరస్ బండిచక్రంలా కనిపించడం వల్ల, లాటిన్‌లో చక్రానికి వాడే మాటతో దానికి పేరు పెట్టారు. కడుపు జబ్బు తెచ్చే వైరస్‌లు ఇంకా ఉన్నాయి. ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ వరసగా అంటుకుందంటే ఎక్కువగా అనుమానించవలసింది నోరోవైరస్‌ను. వంద లోపు వైరస్ కణాలు నోట్లోకి వెళ్ళినా అది జబ్బు తెప్పించగలదు. సోకిన 12 నుంచి 48 గంటల్లో లక్షణాలు మొదలవుతాయి కనుక, రెండు రోజుల తేడాతో మీ అమ్మాయికి రావడం దానికి సరిగ్గా సరిపోతుంది.

శానిటైజర్ దగ్గరే మీరు మోసపోయారు. ఆల్కహాల్ చాలా క్రిములను చంపుతుంది కానీ నోరోవైరస్ దానికి అంతగా లొంగదు. సబ్బుతో, పారే నీటి కింద కనీసం 20 సెకన్లు రుద్ది కడిగితే అది చేతుల మీది నుంచి కొట్టుకుపోతుంది. డైపర్ మార్చిన ప్రతిసారీ, వంట మొదలుపెట్టే ముందు, బిడ్డకు తినిపించే ముందు ఇలా కడుక్కోవాలి. బిడ్డ చేతులు కడగడం చాలామంది మరచిపోతారు. వాంతి పడిన చోటును ముందు తుడిచి, తరువాత క్లోరిన్ బ్లీచ్‌ను సీసా మీద రాసిన పాళ్ళలో నీటితో కలిపి పోసి, కనీసం 5 నిమిషాలు అలాగే ఉంచి కడగాలి. ఆ బట్టలను దులపకుండా ముడిచి తీసి, విడిగా వేడినీటిలో ఉతకాలి. వీలైతే బిడ్డను ఎత్తుకునేవారు ఒకరు, వంట చేసేవారు మరొకరు కావడం మంచిది. చివరి వాంతి లేదా విరేచనం తరువాత 48 గంటలు గడిచేవరకు పిల్లలను బడికి, శిశు సంరక్షణ కేంద్రానికి పంపకూడదు. తగ్గిన తరువాత కూడా రెండు వారాలు, ఒక్కోసారి అంతకు మించి వైరస్ మలంలో వెలువడుతూ ఉంటుంది కనుక చేతుల విషయంలో జాగ్రత్త అన్నాళ్ళూ కొనసాగాలి.

ప్రశ్న: మా బాబుకు కడుపు జబ్బు తగ్గి పది రోజులైంది. హుషారుగా ఉన్నాడు, కానీ పాలు తాగిన ప్రతిసారీ పొట్ట ఉబ్బి, పులిసిన వాసనతో పలుచగా విరేచనం అవుతోంది. జబ్బు తిరగబెట్టిందా?
– ఒక తల్లి

జవాబు: తిరగబెట్టినట్లు కాదు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైమ్ చిన్నపేగు పొర కొసల్లో ఉంటుంది, వైరస్ దెబ్బతీసేది కూడా ఆ కొసలనే. అవి పూర్తిగా కోలుకునేదాకా అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి చేరి పులిసి, గ్యాసునూ పలుచని విరేచనాన్నీ తెస్తుంది. చాలామంది పిల్లల్లో ఇది కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. బాబు బరువు తగ్గకుండా ఉంటే, పశువుల పాలను కొన్నాళ్ళు తగ్గించి, పెరుగు ఇచ్చి చూడండి. పెరుగులో లాక్టోజ్ కొంత తక్కువగా ఉంటుంది. తల్లిపాలు తాగుతున్న బిడ్డ అయితే మాత్రం వాటిని ఆపవద్దు. జబ్బు మొదలైన రోజు నుంచి లెక్కిస్తే 14 రోజులు దాటినా విరేచనాలు పలుచగానే ఉన్నప్పుడు, బరువు పెరగడం ఆగినప్పుడు, జ్వరం మళ్ళీ వచ్చినప్పుడు డాక్టరుకు చూపించి మలపరీక్ష చేయించాలి. వెళ్ళేటప్పుడు రోజుకు ఎన్నిసార్లు, ఏమి తిన్న తరువాత అవుతోందో రాసి తీసుకువెళ్ళండి.